త్వరగా వచ్చే అంకె, నిలబడే అంకె

మన హాస్టల్లో చదివి ఇంజనీరింగు, ఎం.సి.ఏ., ఎం.టెక్. దాకా వెళ్ళిన వాళ్ళ సంఖ్య ఏటేటా పెరుగుతోంది. సంతోషించాల్సిన విషయమే. వాళ్ళలో కంప్యూటర్ ఆర్కిటెక్చర్ ప్రాజెక్టు తీసుకున్న వాళ్ళు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. ఆ కొద్దిమందిలో మేమూ ఉన్నాము. అందుకే జూనియర్లు ఫోను చేసి మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "సిమ్యులేటర్‌ను ఏ మోడ్‌లో పెట్టాలన్నా? తొందరగా అయ్యేది చెప్పన్నా." ఆ రెండో మాటే మా చేత ఈ వ్యాసం రాయించింది.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాము. మల్టీకోర్ ప్రాసెసర్ మీద అనేక థ్రెడ్లతో నడిచే బెంచ్‌మార్కులను కొలవాలంటే ఆపరేటింగ్ సిస్టమ్‌తో సహా మొత్తం యంత్రాన్నీ సిమ్యులేట్ చేయాలి. అందుకు రోజులు పట్టినా సరే. అది కుదరని పరిస్థితి వస్తే, కుదరలేదని రిపోర్టులో స్పష్టంగా రాయాలి. తొందరగా వచ్చింది కదా అని ఏదో ఒక అంకెను పట్టికలో నింపి ఊరుకోవడం మన చదువుకు మనమే చేసుకునే అన్యాయం.

అసలు సిమ్యులేటర్ ఎందుకు?

ఈ సంచిక చదివేవారిలో తొమ్మిదో తరగతి తమ్ముళ్ళూ ఉంటారు కాబట్టి మొదటి నుంచి చెబుతాము. ఒక ప్రాసెసర్‌లో క్యాష్ మెమరీని రెట్టింపు చేస్తే ఎంత లాభం? కోర్లను నాలుగు నుంచి ఎనిమిదికి పెంచితే ప్రోగ్రాం నిజంగా రెండింతల వేగంతో నడుస్తుందా? ఇలాంటివి తెలుసుకోవడానికి ప్రతిసారీ చిప్ తయారు చేయించి చూడలేము. దానికి కోట్ల రూపాయలు కావాలి. అందుకే ప్రాసెసర్ ఎలా పనిచేస్తుందో అనుకరించి చూపే ఒక ప్రోగ్రాం రాసుకుంటారు. అదే సిమ్యులేటర్. మన ముందున్న మామూలు కంప్యూటర్ లోపల, ఇంకా పుట్టని కంప్యూటర్‌ను నడిపి చూడటం అన్నమాట.

ఈ రంగంలో విద్యార్థులు ఎక్కువగా వాడేది జెమ్‌ఫైవ్. అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఎం5, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన జెమ్స్ అనే రెండు సిమ్యులేటర్లను కలిపి దీన్ని తయారు చేశారు. దీన్ని వివరించే పరిశోధన వ్యాసం 2011లో వెలువడింది. ఇది ఉచితం. లోపలి కోడ్ అంతా ఎవరైనా చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఫీజు రీయింబర్స్‌మెంటు మీద చదివే మనలాంటి వాళ్ళకు ఇది చిన్న మేలు కాదు.

ఇక బెంచ్‌మార్కు అంటే పరీక్షా పత్రం లాంటిది. అందరూ ఒకే పత్రం రాస్తేనే కదా మార్కులు పోల్చగలం. మల్టీకోర్ ప్రాసెసర్లకు అలా పేరొచ్చిన పత్రాల్లో ఒకటి పార్సెక్. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం, ఇంటెల్ సంస్థ కలిసి 2008లో దీన్ని విడుదల చేశాయి. రెండో కూర్పులో 13 ప్రోగ్రాంలు ఉన్నాయి. అంతకుముందు స్టాన్‌ఫర్డ్ వాళ్ళ స్ప్లాష్-2 ఉండేది. దాన్ని వివరించే వ్యాసం 1995 నాటిది.

రెండు దారులు

జెమ్‌ఫైవ్‌ను నడపడానికి రెండు మోడ్‌లు ఉన్నాయి. మొదటిది సిస్టమ్ కాల్ ఎమ్యులేషన్, పొట్టిగా ఎస్.ఇ. ఇందులో ఆపరేటింగ్ సిస్టమ్ ఉండదు. మన ప్రోగ్రాంను మాత్రమే సిమ్యులేటర్‌కు ఇస్తాము. ఆ ప్రోగ్రాం ఫైలు తెరవమనో, మెమరీ ఇమ్మనో ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగిన ప్రతిసారీ సిమ్యులేటరే మధ్యలో అందుకుని ఆ పని చేసిపెడుతుంది. నిజమైన యంత్రంలో ఆ పనికి కెర్నల్ కొన్ని వేల ఇన్‌స్ట్రక్షన్లు నడిపి ఉండేది. ఇక్కడ ఆ ఖర్చు లెక్కలోకే రాదు.

రెండోది ఫుల్ సిస్టమ్, పొట్టిగా ఎఫ్.ఎస్. ఇందులో ప్రాసెసర్, మెమరీ, డిస్కు, టైమర్, ఇంటరప్టులు అన్నీ ఉంటాయి. వాటి మీద నిజమైన లినక్స్ కెర్నల్ బూట్ అవుతుంది. మామూలు కంప్యూటర్‌లో లాగే లాగిన్ దాకా వచ్చి, ఆ తర్వాత మన బెంచ్‌మార్కు నడుస్తుంది. ఇందుకు కెర్నల్ ఫైలు కావాలి, బెంచ్‌మార్కులు ఎక్కించిన డిస్క్ ఇమేజ్ కావాలి. అన్నింటికీ మించి ఓపిక కావాలి.

మొదటి దారిలో వెళితే సాయంత్రానికల్లా ఏదో ఒక అంకె చేతికి వస్తుంది. రెండో దారిలో డిస్క్ ఇమేజ్ కుదుర్చుకోవడానికే వారం పట్టవచ్చు. ఇక ఎవరైనా ఏ దారి పట్టాలనుకుంటారో చెప్పనక్కరలేదు.

వార్డెన్ లేని హాస్టల్

ఎస్.ఇ. మోడ్‌లో పోయేది ఏమిటో మనకు తెలిసిన ఉదాహరణతో చెబుతాము. వార్డెన్ సారు, వాచ్‌మన్, కుక్, కామాటి ఎవరూ లేరనుకుని, విద్యార్థులను మాత్రమే పెట్టి హాస్టల్ ఎలా నడుస్తుందో లెక్క కట్టామనుకోండి. ఒక్క విద్యార్థి గంటకు ఎన్ని పేజీలు చదవగలడో తెలుసుకోవడానికి ఆ లెక్క చాలు. కానీ వంద మందికి నాలుగే కుళాయిలు ఉన్నప్పుడు పొద్దున స్నానాలు ఎంతసేపట్లో పూర్తవుతాయో చెప్పమంటే ఆ లెక్క పనికిరాదు. ఎవరిని ముందు పంపాలి, ఎవరిని ఆపాలి, నిద్రపోతున్న వాణ్ణి ఎవరు లేపాలి అనేవి అక్కడ అసలు విషయాలు. అవి నిర్ణయించే మనిషినే మనం లెక్కలోంచి తీసేశాము.

ప్రాసెసర్‌లోనూ ఇదే జరుగుతుంది. ఒకే థ్రెడ్‌తో లెక్కలు చేసుకుంటూ పోయే ప్రోగ్రాంకు ఆపరేటింగ్ సిస్టమ్‌తో పెద్దగా పని ఉండదు. అనేక థ్రెడ్లు ఉన్నప్పుడు అలా కాదు. ఏ థ్రెడ్‌ను ఏ కోర్ మీద ఎక్కించాలి, ఎంతసేపు ఉంచాలి, లాక్ కోసం ఎదురుచూస్తున్న థ్రెడ్‌ను ఎప్పుడు నిద్రపుచ్చాలి, ఎప్పుడు లేపాలి అనేవన్నీ కెర్నల్ చూసుకునే పనులు. ఎస్.ఇ. మోడ్‌లో షెడ్యూలర్ ఉండదు. ఒక్కో థ్రెడ్‌కు ఒక్కో స్థానం కేటాయిస్తారు. అది చివరి దాకా అక్కడే ఉంటుంది.

పార్సెక్‌లోని ఫెర్రెట్ అనే ప్రోగ్రాంనే తీసుకుందాము. ఇది ఒక చిత్రాన్ని ఇస్తే దానిని పోలిన చిత్రాలను వెతికే పని చేస్తుంది. పని ఆరు దశల్లో, ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి అందించినట్టు సాగుతుంది. మొదటి దశకు, చివరి దశకు ఒక్కో థ్రెడ్ చొప్పున ఉంటుంది. మధ్యలోని నాలుగు దశల్లో ఒక్కోదానికి మనం ఇచ్చిన సంఖ్య ప్రకారం థ్రెడ్లు పుడతాయి. ఆ సంఖ్య 4 అని ఇస్తే పని చేసే థ్రెడ్లు 18 అవుతాయి. నాలుగు కోర్ల మీద 18 థ్రెడ్లను వంతులవారీగా తిప్పాల్సింది షెడ్యూలరే. అది లేనిచోట నాలుగు కోర్లు దాటిన థ్రెడ్లకు చోటే దొరకదు. చోటు చూపించడం కోసం కోర్లను పెంచుకుంటూ పోతే, మనం కొలవాలనుకున్న నాలుగు కోర్ల యంత్రం అక్కడ ఉండదు. వేరే యంత్రాన్ని కొలిచి దీని పేరు రాసినట్టవుతుంది.

అన్నింటికీ ఒకే మందు కాదు

ఎస్.ఇ. మోడ్ పనికిరానిదని మేము అనడం లేదు. ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నామో దాన్ని బట్టి మోడ్ ఎంచుకోవాలన్నదే మా వాదన.

బ్రాంచ్ ప్రెడిక్టర్‌ను కొద్దిగా మార్చి చూడాలి, క్యాష్‌లో పాత సమాచారాన్ని తీసేసే పద్ధతిని మార్చి చూడాలి అనుకుంటే, స్పెక్ సి.పి.యు. బెంచ్‌మార్కుల వంటి ఒంటి థ్రెడ్ ప్రోగ్రాంలతో ఎస్.ఇ. మోడ్ చక్కగా సరిపోతుంది. ఆ బెంచ్‌మార్కులను ప్రాసెసర్‌ను, మెమరీని, కంపైలర్‌ను పరీక్షించడానికే తయారు చేశారు. డిస్కును, ఆపరేటింగ్ సిస్టమ్‌ను పరీక్షించడానికి కాదు. నాలుగు కోర్ల మీద నాలుగు వేర్వేరు ప్రోగ్రాంలను పెట్టి, అందరికీ ఉమ్మడిగా ఉన్న క్యాష్ కోసం అవి ఎలా పోటీ పడతాయో చూడటానికి కూడా ఫరవాలేదు. కొత్తగా రాసిన కోడ్‌లో తప్పులు వెతికేటప్పుడైతే ఎస్.ఇ. మోడే మేలు.

పార్సెక్‌లోనే బ్లాక్‌షోల్స్ అనే ప్రోగ్రాం ఉంది. షేర్ మార్కెట్ ఆప్షన్ల ధర కడుతుంది. ప్రతి థ్రెడ్ తన వాటా తాను తీసుకుని లెక్కలు చేసుకుపోతుంది, పక్కవాడితో మాటలు తక్కువ. దీనికి రెండు మోడ్‌ల మధ్య తేడా తక్కువగా ఉంటే ఆశ్చర్యం లేదు. అదే ఫ్లూయిడ్‌అనిమేట్ అయితే చిన్న చిన్న లాక్‌లను లెక్కలేనన్ని సార్లు పట్టుకుంటుంది, వదులుతుంది. స్ట్రీమ్‌క్లస్టర్ మాటిమాటికీ బారియర్ దగ్గర ఆగి, అందరూ వచ్చాకనే కదులుతుంది. డీడూప్ ఫైలును చదివి, కుదించి, మళ్ళీ రాస్తుంది. క్యానీల్ మెమరీలో ఎక్కడెక్కడికో దూకుతూ వెతుకుతుంది. దాంతో అడ్రసు అనువాదం కోసం పేజీ టేబుళ్ళను తిరగేయాల్సి వస్తుంది. ఆ తిరగేసే ఖర్చు ఎస్.ఇ. మోడ్‌లో సరిగా లెక్కకు రాదు. ఈ నాలుగింటినీ ఎస్.ఇ.లో నడిపి, వచ్చిన అంకెలను బ్లాక్‌షోల్స్ అంకెల పక్కన ఒకే పట్టికలో పెట్టడం సబబు కాదని మా అభిప్రాయం.

ఏ అంకెను నమ్మాలి?

మోడ్ సరిగా ఎంచుకున్నా ఇంకో చిక్కు ఉంది. మనవాళ్ళు సిమ్యులేటర్ ఇచ్చిన ఫలితాల ఫైలు తెరవగానే చూసేది ఐ.పి.సి.ని. ఒక్కో క్లాక్ సైకిల్‌కు ఎన్ని ఇన్‌స్ట్రక్షన్లు పూర్తయ్యాయి అన్న అంకె అది. ఒంటి థ్రెడ్ ప్రోగ్రాంకు అది మంచి కొలతే. కానీ లాక్ కోసం తిరుగుతూ ఎదురుచూసే థ్రెడ్ కూడా ఇన్‌స్ట్రక్షన్లు నడుపుతూనే ఉంటుంది. "ఖాళీ అయిందా, ఖాళీ అయిందా" అని అడగడమే దాని పని. ఐ.పి.సి. పెరుగుతుంది, పని మాత్రం సాగదు. స్టడీ అవర్‌లో పేజీలు తిప్పిన శబ్దాన్ని బట్టి ఎంత చదివారో లెక్క కట్టినట్టు ఉంటుంది. విస్కాన్సిన్‌లో పనిచేసిన అలా అలమెల్దీన్, డేవిడ్ వుడ్ అనే పరిశోధకులు 2006లో ఐ.ఇ.ఇ.ఇ. మైక్రో పత్రికలో ఈ విషయం మీదే ఒక వ్యాసం రాశారు. మల్టీప్రాసెసర్ ప్రోగ్రాంలకు ఐ.పి.సి. హానికరమని దాని శీర్షికలోనే చెప్పారు. పని పూర్తవడానికి పట్టిన మొత్తం సమయాన్నే చూడాలి.

ఆ ఇద్దరే 2003లో ఇంకో సంగతి చూపించారు. అనేక థ్రెడ్ల ప్రోగ్రాంలలో మెమరీ ఆలస్యం అణువంత మారినా థ్రెడ్లు లాక్‌లు అందుకునే వరస మారిపోతుంది, దాంతో మొత్తం సమయమూ మారుతుంది. ఒక్కసారి నడిపి "మా డిజైను రెండు శాతం మెరుగు" అని రాస్తే, ఆ రెండు శాతం డిజైన్ వల్ల వచ్చిందో, అదృష్టం వల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు. చిన్న చిన్న మార్పులతో అనేకసార్లు నడిపి, సగటుతో పాటు హెచ్చుతగ్గులనూ చూపించాలి.

ఎఫ్.ఎస్. మోడ్‌లో వచ్చిందంతా వేదవాక్కని కూడా అనుకోకూడదు. కెర్నల్ వెర్షన్ మారితే అంకె మారుతుంది. వెనకాల నడిచే చిన్నాచితకా ప్రోగ్రాంలూ తమ వాటా తింటాయి. ఫుల్ సిస్టమ్ సిమ్యులేషన్‌లో లోపాలు ఎక్కడి నుంచి వస్తాయో వెతుకుతూ 2014లో కొందరు పరిశోధకులు జెమ్‌ఫైవ్ ఫలితాలను నిజమైన ఏ.ఆర్.ఎం. బోర్డుతో పోల్చి చూశారు. తేడాలు ఉన్నాయి, వాటికి కారణాలనూ చూపించారు. ఎఫ్.ఎస్.లో తప్పు ఉంటే ఇలా వెతికి పట్టుకోవచ్చు. ఎస్.ఇ.లో కెర్నల్‌నే వదిలేశాము కాబట్టి, దాని వల్ల వచ్చిన తప్పు ఎంతో ఆ మోడ్‌లోనే ఉండి తెలుసుకోలేము.

యంత్రాలు ఎక్కడున్నాయి అంటారా?

ఇక్కడే అసలు బాధ ఉంది. పెద్ద విద్యాసంస్థల్లో సర్వర్లు రాత్రింబవళ్ళు నడుస్తాయి. మనవాళ్ళు చదివే అనేక కాలేజీల్లో సాయంత్రం అయిదు కాగానే ల్యాబ్‌కు తాళం పడుతుంది. జెమ్‌ఫైవ్‌లోని వివరమైన ప్రాసెసర్ మోడల్ సెకనుకు రెండు లక్షల ఇన్‌స్ట్రక్షన్లు నడుపుతుందనుకుందాం. నాలుగు కోర్లు ఒక్కోటి వంద కోట్ల ఇన్‌స్ట్రక్షన్లు నడపాలంటే మొత్తం 400 కోట్లు. అంటే 20,000 సెకన్లు, అయిదున్నర గంటలు. ఇది ఒక్క ప్రోగ్రాంకు, ఒక్క డిజైన్‌కు, ఒక్కసారికి. పది ప్రోగ్రాంలు, మూడు డిజైన్లు, అయిదేసి సార్లు అంటే 150 రన్‌లు. ఒకదాని తర్వాత ఒకటి నడిపితే నెల రోజులు దాటిపోతుంది. కాబట్టి ఎస్.ఇ. మోడ్ అనేది చాలాసార్లు మనం ఎంచుకున్నది కాదు, మనకు మిగిలింది.

అయినా దారులు ఉన్నాయి. లినక్స్ బూట్ అవడాన్ని ప్రతిసారీ వివరంగా సిమ్యులేట్ చేయనక్కరలేదు. తేలికపాటి మోడల్‌తో బూట్ చేసి, అక్కడ చెక్‌పాయింట్ దాచుకుంటే తర్వాత రన్‌లన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి. మన కంప్యూటర్, సిమ్యులేట్ చేసే ప్రాసెసర్ రెండూ ఒకే రకానివైతే, ఉదాహరణకు రెండూ ఎక్స్86 అయితే, కె.వి.ఎం. సాయంతో బూట్ దాదాపు మామూలు వేగంతోనే అయిపోతుంది. దానికి ల్యాబ్ యంత్రంలో అనుమతి ఇప్పించుకోవాలి. ల్యాబ్ అసిస్టెంటు గారిని మర్యాదగా అడిగితే అయిదు నిమిషాల పని.

పార్సెక్‌లో సిమ్యులేటర్ల కోసమే సిమ్‌స్మాల్, సిమ్‌మీడియం, సిమ్‌లార్జ్ అనే ఇన్‌పుట్లు ఉన్నాయి. నేటివ్ అనేది నిజమైన యంత్రాలకు ఉద్దేశించినది, దాని జోలికి పోవద్దు. ప్రోగ్రాంలో అసలు పని జరిగే భాగాన్ని ఆర్.ఓ.ఐ. అంటారు. అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో పార్సెక్‌లోనే గుర్తులు పెట్టి ఉంచారు. వివరమైన మోడల్‌ను ఆ భాగానికే వాడాలి. ఒక జాగ్రత్త తప్పనిసరి. చెక్‌పాయింట్ నుంచి లేచినప్పుడు మామూలు క్యాష్‌లు ఖాళీగా ఉంటాయి కాబట్టి, అవి కొంత నిండాకే లెక్క మొదలుపెట్టాలి. కోర్ల సంఖ్య, మెమరీ పరిమాణం మారిస్తే చెక్‌పాయింట్ మళ్ళీ కొత్తగా తీసుకోవాలి.

ఇవన్నీ చేసినా సమయం చాలకపోతే ప్రోగ్రాంలు తగ్గించండి. పది ప్రోగ్రాంల పట్టికను ఎస్.ఇ.లో నింపే బదులు, తగిన కారణం చెప్పి నాలుగింటిని ఎఫ్.ఎస్.లో నడపడం మేలు. రిపోర్టులో ఏ మోడ్, జెమ్‌ఫైవ్ ఏ వెర్షన్, ఏ కెర్నల్, ఏ ప్రాసెసర్ మోడల్, ఏ ఇన్‌పుట్, ఎన్నిసార్లు నడిపారు అన్న ఆరు విషయాలూ రాయండి. చదివినవాళ్ళు అదే పని మళ్ళీ చేసి చూసుకోగలగాలి.

మా ప్రతిపాదన

"వైవాలో ఎవరూ ఇవి అడగరు కదా" అని కొందరు అంటారు. నిజమే, చాలాచోట్ల అడగరు. అయితే హైదరాబాదులో, బెంగళూరులో చిప్ డిజైన్ చేసే కంపెనీల ఇంటర్వ్యూలో పట్టికను చూపించి "ఈ అంకె ఎలా వచ్చింది?" అని ఒక్క ప్రశ్న వేస్తే సమాధానం మన దగ్గర ఉండాలి. మా ఇళ్ళల్లో డిగ్రీ పట్టా మొదట చూసింది మేమే. మా అంకె తప్పో ఒప్పో చూసి చెప్పే వాళ్ళు ఇంట్లో లేరు, మాట సాయం చేసే పెద్దవాళ్ళూ లేరు. మన తరఫున మాట్లాడగలిగింది మనం చేసిన పని ఒక్కటే. అందుకే అది నిలబడేలా ఉండాలి.

ఒంటరిగా ఇది కష్టం కాబట్టి పూర్వ విద్యార్థుల ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాము. వార్షికోత్సవానికి ఏటా జ్ఞాపికలు, శాలువలు, ఫ్లెక్సీల మీద అయ్యే ఖర్చులో కొంత మిగిల్చి, మన హాస్టల్ కంప్యూటర్ గదిలో ఒక మంచి లినక్స్ డెస్క్‌టాప్ పెడదాం. ఎనిమిది కోర్లు, 32 జి.బి. మెమరీ, కరెంటు పోతే ఆదుకునే యు.పి.ఎస్. ఉంటే చాలు. జెమ్‌ఫైవ్ రన్ ఒక్కోటి మామూలుగా ఒక కోర్‌నే వాడుకుంటుంది కాబట్టి, మెమరీ సరిపోయినంత వరకు కొన్ని రన్‌లు ఒకేసారి నడపవచ్చు. అప్పుడు పైన చెప్పిన నెల రోజుల పని వారం లోపే అవుతుంది. ఆ యంత్రంలో ఒక డిస్క్ ఇమేజ్, ఒక కెర్నల్, ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది కోర్లకు తీసిన చెక్‌పాయింట్లు, వాటిని ఎలా వాడాలో తెలుగులో రాసిన రెండు పేజీలు ఉంచుదాం. డిస్క్ ఇమేజ్ సిద్ధం చేసి, ఆ రెండు పేజీలు రాసే బాధ్యత మేము తీసుకుంటాము.

ఒక విద్యార్థి వారం రోజులు పడ్డ కష్టం తర్వాత వచ్చే పదిమందికి వారం వారం మిగిల్చాలి. మన హాస్టల్లో పాత పుస్తకాలు చేతులు మారేది ఇలాగే కదా. సీనియర్ వదిలి వెళ్ళిన నోట్సుతో పదో తరగతి గట్టెక్కిన వాళ్ళం మనం. చెక్‌పాయింట్లను కూడా అలాగే అందించుకుందాం. అప్పుడు మా తమ్ముళ్ళు, చెల్లెళ్ళు తొందరగా అయ్యే మోడ్ ఏదని కాకుండా, తమ ప్రశ్నకు సరిపోయే మోడ్ ఏదని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి మేము ఏ వేళలోనైనా సిద్ధం.